కూలకముందే కూలిన ప్రభుత్వం

రాగి గనుల దేశంలో ప్రజాప్రభుత్వం గురువారం ఉదయం కూలిపోయిందని తెలియజేయడానికి చింతిస్తున్నాం. ఈ సంగతి ఆ ప్రభుత్వానికి ఇంకా తెలియదు.

తెలిసింది ఒక్క వారపత్రికకే. అభ్యుదయ భావాలకు ఆటపట్టైన ఆ పత్రికలో విదేశాంగ విధానం, ప్రపంచ ఆర్థికం అనే రెండు బరువులను ఒంటిచేత్తో మోస్తున్న వ్యాసకర్తను అందరూ భూగోళం గారంటారు. పొట్ట చూసి అంటారని గిట్టనివాళ్ల ప్రచారం. తన ఇంటి వెనక వీధి ఎటు పోతుందో ఆయనకు తెలియదు గానీ, ఏ సముద్రంలో ఏ రేవు ఎవరి గుప్పిట్లో ఉందో నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

జరిగినదాన్ని జరిగాక రాయడం విలేకరుల పని. జరగబోయేదాన్ని ముందే రాసిపెట్టుకోవడం సిద్ధాంతం తెలిసినవాళ్ల పని. చరిత్ర ఎటు నడుస్తుందో తెలిశాక దాని వెనకాల పరుగెత్తడమెందుకు? అందుకే భూగోళం గారి కుర్చీ వెనక ఒక ఇనప బీరువా ఉంది. అందులో దేశానికొక అట్ట ఫైలు. పెద్దన్న దేశం దండెత్తితే వేయాల్సిన వ్యాసం, అప్పులిచ్చే సంస్థ పీక మీద కత్తి పెడితే వేయాల్సిన వ్యాసం, సైన్యం గద్దెనెక్కితే వేయాల్సిన వ్యాసం. ఆవేదన, ఆగ్రహం, ముగింపులో ఆశాకిరణం అన్నీ సిద్ధం. తేదీ ఒక్కటే ఖాళీ.

ఆ బుధవారం ఒక బీమా కంపెనీ ఆఖరి గడియలో ప్రకటన వెనక్కి తీసుకుంది. పేజీ బోసిపోయింది. భూగోళం గారు అప్పుడు పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉన్నారు. పాపం సంపాదకుడేం చేస్తాడు? బీరువా తెరిచాడు, చేతికి తగిలిన ఫైలు తీశాడు. రాగి దేశంలో సైన్యం గద్దెనెక్కితే వేయాల్సినది. వ్యాసం బ్రహ్మాండంగా ఉంది. లోపమల్లా తేదీయే. అది తనే వేశాడు.

మర్నాడు వాచిన దవడతో భూగోళం గారు పత్రిక విప్పి చూస్తుండగానే భార్య ఫోను తెచ్చి చేతికిచ్చింది. "మా తమ్ముడు. ఏదో కంగారుగా ఉన్నాడు."

బావమరిది రాగి దేశంలో వంతెనలు కట్టే ఇంజినీరు. నిజం చెప్పాలంటే, ఆ దేశంతో భూగోళం గారికున్న సంబంధమంతా ఆ ఒక్క బావమరిదే.

"బావా, ఇక్కడ ప్రభుత్వం పడిపోయిందటగా! ఒక్క మాట ముందు చెబితే నీ సొమ్మేం పోయేది?"

"నీకెవరు చెప్పార్రా?"

"నువ్వే! మా వంతెన కూలీలు సుత్తులు పట్టుకుని రోడ్డెక్కారని కూడా రాశావు. వాళ్లిక్కడ నా ఎదురుగా కూర్చుని అన్నం డబ్బాలు విప్పుకుంటున్నారు. మా మేస్త్రీ అడుగుతున్నాడు, సుత్తి ఏ చేత్తో పట్టుకున్నానని రాశారూ అని."

"నువ్వక్కడే ఉన్నావు కాబట్టి నీకు కనబడదు. ఇక్కణ్ణుంచి చూస్తే చాలా స్పష్టంగా ఉంది," అని భూగోళం గారు ఫోను పెట్టేశారు.

భార్య వదల్లేదు. "ఏవండీ, సవరణ వేయించండి. వాడి కూలీల ఊసెందుకు మీకు?"

"వ్యాసంలో శ్రమజీవులు ఉండాలే! నాకు తెలిసినవాళ్లు వాళ్లేగా."

"మీకు తెలిసినవాళ్లయితే వాళ్ల కొంప ముంచుతారా?"

సవరణ ప్రతిపాదనపై సంపాదక వర్గం సుదీర్ఘంగా చర్చించింది. పోయినసారి వేసిన సవరణను పాఠకులు అసలు వ్యాసం కంటే ఎక్కువ ఇష్టంగా చదివారని, అది ప్రమాదకరమైన అలవాటని సంపాదకుడు గుర్తుచేశాడు. చివరికి మధ్యేమార్గం దొరికింది. మరుసటి వారం భూగోళం గారు రెండో వ్యాసం రాశారు. శీర్షిక: 'ప్రభుత్వం కూలలేదన్న ప్రచారం వెనక ఎవరున్నారు?'

దీంతో ప్రపంచం కళ్లు తెరిచింది. పక్క పత్రికలు 'విశ్వసనీయ వర్గాల' పేరుతో ఆ వ్యాసాన్నే ఎత్తి రాశాయి. ఆ వర్గాలను చదివి అప్పులిచ్చే సంస్థ ఇవ్వాల్సిన వాయిదా ఆపేసింది. వాయిదా ఆగిందని తెలిసి వ్యాపారులు రాగి దేశపు నోటును చెప్పు కింద కాగితంలా చూశారు. ఇదంతా మొదటి వ్యాసం నాలుగో పేరాలో ఉన్నదే. చరిత్ర ఇంత విధేయంగా నడవడం అరుదు.

అక్కడి అధ్యక్షుడు పొద్దున్నే పత్రికలు తిరగేసే మనిషి. అన్ని పత్రికల్లోనూ తను కూలిపోయి ఉండడం చూసి, ఇక మొహమాటపడి లాభం లేదని కుటుంబంతో విమానమెక్కేశాడు. తిరుగుబాటు చేశాడని పేరు పడ్డ సేనాధిపతి, అయ్యా నాకే పాపమూ తెలియదని విన్నవించుకోవడానికి అధ్యక్ష భవనానికి వచ్చాడు. గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఉంది. మోకాళ్ల నొప్పులాయె, కాసేపు కూర్చున్నాడు. ఇంకా లేవలేదు.

కూర్చున్నాయన ఇచ్చిన మొదటి ఆజ్ఞ, సుత్తులతో రోడ్డెక్కిన వంతెన కూలీలను పట్టుకోమని. రుజువేదని ఎవరో అడిగితే పత్రిక చూపించాడు. అభ్యుదయ పత్రిక అబద్ధం రాస్తుందా?

బావమరిది సిమెంటు అంటిన బూట్లతోనే వచ్చి అక్క ఇంట్లో పడ్డాడు. ఒకప్పుడు వంతెన పనిలో ఎక్కి నిలబడ్డ సారువ కర్రలు విరిగి తను నదిలో పడితే జుట్టు పట్టి ఒడ్డుకు లాగిన మేస్త్రీ జైల్లో ఉన్నాడు. రెండు రోజులు బావమరిది అన్నం ముట్టలేదు.

ఆ ఆదివారమే భూగోళం గారికి 'కాలజ్ఞ' బిరుదుతో సత్కారం. సభాధ్యక్షుడు ఉద్వేగంతో ఊగిపోయాడు. "మిత్రులారా! ఇతరులు సంఘటనల వెనక నడుస్తారు. ఈయన వెనక సంఘటనలు నడుస్తాయి! ఈ వేదిక మీద ప్రత్యక్షసాక్షి కూడా ఉండడం మన అదృష్టం!"

ప్రత్యక్షసాక్షిని మైకు ముందుకు నెట్టారు. బావమరిదికి ఉపన్యాసాలు రావు. "అందరికీ నమస్కారం. ఆ దేశం బాగానే ఉండేదండీ. మా బావ రాసేదాకా," అని దిగిపోయాడు.

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఎంత పదునైన వ్యంగ్యం అని ముందువరసలో ఒక ప్రొఫెసర్ పక్కాయన తొడ మీద చరిచాడు. వెనకవరసలో అక్క ఒక్కతే చేతులు కట్టుకుని కూర్చుంది.

సభ ముగిశాక భూగోళం గారి ముందు పెద్ద వరస కట్టారు. పెట్టుబడిదారీ వ్యవస్థ నశించాలని కాసేపటి క్రితమే ముక్తకంఠంతో తీర్మానించినవాళ్లంతా ఒక్కొక్కరే వంగి ఆయన చెవి దగ్గర నోరు పెట్టారు. "గురువుగారూ, రాగి షేర్లలో బాగా దెబ్బతిన్నాను. తర్వాత ఏ దేశమో కాస్త నా చెవిన వేస్తే ముందే తీసేసుకుంటా." "మాస్టారూ, మా అల్లుడు తగరంలో పెట్టాడు. ఆ బీరువాలో తగరం ఉందా?"

వరసలో ఆఖరివాడు బావమరిది. "బావా, వాళ్లు రోడ్డెక్కలేదని ఒక్క వాక్యం రాయి. నువ్వు రాస్తే నమ్ముతారు. మేస్త్రీని వదిలేస్తారు. నీ కాళ్లు పట్టుకుంటాను."

భూగోళం గారి కళ్లు నిజంగానే చెమర్చాయి. బావమరిది భుజం మీద చెయ్యి వేశారు.

"మేస్త్రీని నేను మరిచిపోతానట్రా? నిన్ననే రాసిపెట్టాను. చెరసాలలో అమరుడైన శ్రమజీవి. చదివితే రాయి కూడా ఏడుస్తుంది. తేదీ వేయడమే తరువాయి."

వ్యాసం సిద్ధంగా ఉంది. చదివి కంటతడి పెట్టుకోవడానికి మనమూ సిద్ధంగా ఉన్నాం. మేస్త్రీ ఒక్కడే ఎందుకో ఆలస్యం చేస్తున్నాడు.