కిక్కర్‌గా ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్

"ఫోర్ట్ బ్రిక్‌మన్ ఫుట్‌బాల్ టీమ్ ఇకపై ఉత్త టీమ్ కాదు, దేశ రక్షణకు ఆయుధం!" అని కర్నల్ హోల్‌కమ్ గారు సోమవారం పొద్దున జెండా కింద నిలబడి ప్రకటించారు. సముద్రాల అవతల యుద్ధం జోరుగా సాగుతున్న రోజులవి. ఆయుధాన్ని పోగొట్టుకోవడం నేరం కాబట్టి ఆటగాళ్లెవరినీ యుద్ధానికి పంపేది లేదని కూడా సెలవిచ్చారు. అంతటి దూరదృష్టిని కాలిఫోర్నియా అంతకుముందు చూసి ఎరగదు.

ఆ ప్రకటన టైప్ చేసింది వేదాంత్. ఫ్రీమాంట్‌లో పుట్టి పెరిగిన ఇరవై మూడేళ్ల సైనికుడు. యుద్ధానికి ఎవరెవరు వెళ్లాలో లిస్టు తయారుచేయడం అతని డ్యూటీ. ఆ ఆర్మీ బేస్‌లో కర్నల్ గారు కాక నాలుగు వందల పన్నెండు మంది ఉంటే, వచ్చే నెల రెండు వందల మంది వెళ్లాలి. లిస్టులో పదిహేడో పేరు తనదే. దాన్ని తన చేత్తోనే టైప్ చేసి, స్పెల్లింగ్ కూడా సరిచూసుకున్నాడు.

ఇంటికి ఫోన్ చేశాడు. వాళ్లమ్మ రాధారాణి ఏడుస్తూ కూర్చోలేదు, వెంటనే లక్ష్మీకాంతం అంకుల్‌ని కాల్‌లోకి లాగింది. ఆయన ఫ్రీమాంట్‌లో కన్సల్టెన్సీ నడుపుతాడు. నిన్న విమానం దిగినవాడికి ఇవాళ ఎనిమిదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఇచ్చి, రేపు ఉద్యోగంలో కూర్చోబెట్టగల సమర్థుడు.

"ఆ ఆటలో పని తక్కువుండే పొజిషన్ ఏది నాన్నా?"

"కిక్కర్, అంకుల్. అమెరికన్ ఫుట్‌బాల్ కదా, మిగతావాళ్లు బాల్ చేత్తో పట్టుకుని పరిగెడతారు. కిక్కర్ గేమ్‌లో ఫోర్, ఫైవ్ టైమ్స్ వచ్చి కిక్ చేస్తాడు, అంతే. బట్ నేను ఎప్పుడూ ఆడలేదు."

"ఆడినవాడికి నాతో పనేముంది?"

"లై చెప్పాలా అంకుల్?"

"అబద్ధం కాదమ్మా, ఫార్మాట్! ట్రయల్ వీడియో కాల్‌లో పెడతారేమో కనుక్కో. ఇక్కడే పక్కూరు డబ్లిన్‌లో మనవాడొకడున్నాడు, నీ బదులు తంతాడు."

అంత అవసరం రాలేదు. నాలుగు పేజీల రెజ్యూమే చదివి కర్నల్ గారు చలించిపోయారు. ఎండ్ టు ఎండ్ కిక్కింగ్, పదకొండు మంది టీమ్‌కి లీడ్, హైదరాబాద్ ఆఫ్‌షోర్ మైదానంతో కోఆర్డినేషన్. చివర రిఫరెన్స్: లక్ష్మీకాంతం అంకుల్, ఫోన్ నంబరు. "ఇంత అనుభవజ్ఞుడికి ట్రయల్ పెడితే అవమానం" అంటూ సంతకం పెట్టేశారు.

వేదాంత్ పేరు పోయిన చోట పక్కమంచం కానర్ పేరు ఎక్కింది. కానర్ తన పెళ్లాం ఫొటో తీసి చూస్తూ కూర్చున్నాడు. వేదాంత్‌కి సిగ్గేసింది. సిగ్గు భరించలేక అంకుల్ నంబరు ఇచ్చేశాడు.

బుధవారానికి కానర్‌కి తొమ్మిదేళ్లు వచ్చాయి. కానర్ బదులు ఎక్కినవాడికి శుక్రవారానికి పదేళ్లు. ఆ తర్వాత బేస్‌లో ఎవరూ ఎవరినీ అడగాల్సిన పనిలేకపోయింది. ఇరవయ్యో రోజుకి టీమ్ బలం నాలుగు వందల పన్నెండు. వంటవాళ్లు, డాక్టరు, చర్చి ఫాదర్‌తో సహా అందరూ సీనియర్లే. "ఇంత పెద్ద ఆయుధం ఏ దేశం దగ్గరుంది?" అని కర్నల్ గారు పొంగిపోయారు.

పక్క బేస్‌తో మ్యాచ్ పెట్టారు. వాళ్లూ తక్కువ తినలేదు, మూడు వందల మంది ఆటగాళ్లతో దిగారు. అందరూ ఆటగాళ్లే కావడంతో గ్యాలరీలో ప్రేక్షకులు ఒక్కరే, కర్నల్ గారు. వేదాంత్ కళ్లు మూసుకుని తన్నాడు. బంతి వెనక్కి ఎగిరి ఆయన ఒళ్లో పడింది. "శత్రువు కలలో కూడా ఊహించని దిశ" అని ఆయన వాషింగ్టన్‌కి రిపోర్ట్ రాశారు.

వాషింగ్టన్ నుంచి బదులొచ్చింది: అభినందనలు. రెండు వందల మంది దొరక్కపోతే ఆటగాళ్లు పోను మిగిలినవారినే పంపండి. లిస్టు ఇవాళే కావాలి.

వేదాంత్ బేస్ మొత్తంలోంచి ఆటగాళ్లను తీసేసి ప్రింట్ కొట్టాడు. ఒక్క లైను వచ్చింది. స్పెల్లింగ్ సరిచూసి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు.

కర్నల్ గారు చదివారు. కాగితం తిప్పి వెనక చూశారు. వెనకేమీ లేదు.

"వేరే ఎవరూ లేరా?"

"లేరు సర్. అందరూ ఆయుధాలే."

ఆయన లేచి తలుపు దగ్గరికి వేశారు. రెజ్యూమేల కట్టలోంచి పైది తీసి, నాలుగో పేజీ తిప్పి, అడుగున ఉన్న నంబరుకి ఫోన్ కలిపారు.

"హలో, అంకుల్! కోచ్‌కైతే ఎన్నేళ్లు పెడదాం?"