పిట్ట ముట్టాలి, రాకెట్ లేవాలి

పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు పెట్టుకునే అమావాస్య నాడు, మా ఇంట్లో ఒకటే చట్టం. మిద్దె మీద పెట్టిన విస్తరిని పిట్ట ముట్టేదాకా కింద ఎవరూ ముద్ద ముట్టకూడదు. ఈసారి విస్తరి మా బాపుకు. నిరుడు ఆయనే పెట్టాడు, వాళ్ల బాపుకు.

సరిగ్గా అదే మధ్యాహ్నం ఒక ప్రైవేటు కంపెనీ అంతరిక్ష కేంద్రానికి సరుకుల నౌకను పంపుతోంది. నేను సిద్దిపేటలో సైన్సు చెప్పే పంతులును. ఇలాంటివి ఒక్కటీ వదలను. బాపు కూడా వదిలేవాడు కాదు. కోహెడ నుంచి పత్తి లోడుతో డీసీఎం లారీ తోలిన మనిషి. రాకెట్ అంటే ఆయనకు నిలువుగా పోయే డీసీఎం. అది నిప్పులు కక్కుతూ లేస్తుంటే నేను నోరు తెరిచి చూసేవాణ్ణి. ఆయన ప్రతిసారీ ఒకటే అడిగేవాడు.

"లోడు మంచిగ కట్టిండ్రా?"

నా భార్య నవత పొద్దున్నే నా ఫోన్ గుంజుకొని బియ్యం డ్రమ్ములో పాతిపెట్టింది.

"ఇయ్యాల ఆకాశం దిక్కు చూస్తె మామ కోసమే చూడాలె."

"విస్తరి నేనే పట్టుకపోత. పిట్ట వచ్చేదాక గాడనే కూసుంట," అన్నాను బుద్ధిగా.

"గంత భక్తి ఎప్పటి సంది?"

"బాపు గదనే."

ఆ మాట అబద్ధం కాదు. చొక్కా కింద స్కూలు ట్యాబు ఉందన్న మాట మాత్రం చెప్పలేదు.

మిద్దె మీద విస్తరి వేశాను. మటన్, గారెలు, కల్లు సీసా. పక్కనే నీళ్ల ట్యాంకు నీడలో ట్యాబు. కాకులు వచ్చాయి గాని, ట్యాబులో ఒకాయన ఇంగ్లీషు అందుకోగానే తనిఖీ అధికారిని చూసిన పంతుళ్లలా చెదిరిపోయాయి. అంతలో అక్కడ కౌంట్‌డౌన్ లెక్క ఆగింది. ఏదో వాల్వు చూసుకోవాలట.

కింద నుంచి మా మేనత్త ఎల్లవ్వ అరిచింది. వాడలో ఆమెను సైరన్ ఎల్లవ్వ అంటారు.

"ముట్టిందారా?"

"ఇంకా లేదత్తా."

"మా అన్నకు ఏదో కోరిక మిగిలింది. ఒప్పుకుంటె ముడ్తది."

మెట్ల మీద నిలబడి తనే ఒప్పుకోవడం మొదలుపెట్టింది. "అన్నా, నీ డీసీఎం అమ్మరే. నీ కొడుకు బీపీ గోలీలు దినాం ఏస్కుంటడే. పెండ్లాం మాట ఇంటడే."

"ఆఖరిది మామ నమ్మడు చిన్నమ్మా," అంది వంటింట్లోంచి నవత. "ఇంకోటి చెప్పు."

అత్త దిగిపోయింది. లెక్క మళ్లీ మొదలైంది. అప్పుడే గోడ దిగింది ఒక కోతి.

దాని చూపు గారెల మీద. నేను ఒక చేత్తో విస్తరిని, ఇంకో చేత్తో ట్యాబును పట్టుకున్నాను. కోతి నాకన్నా తెలివైనది. ట్యాబు పట్టుకుంది. అవతల పది, తొమ్మిది అంటున్నారు. ట్యాబు వదిలితే స్కూలుకు జవాబు చెప్పాలి. విస్తరి వదిలితే బాపుకు చెప్పాలి.

బాపు సర్దుకుంటాడనుకొని విస్తరి వదిలాను.

గారెలు కోతితో పోయాయి. కల్లు మిద్దె మీద పారింది. మటన్ నా చొక్కా మీదికి చేరింది. ట్యాబులో ఒక్క ముక్క కనిపించింది, ప్రయోగం రేపటికి వాయిదా అని.

మొహం వేలాడేసుకొని కిందికి దిగితే అందరూ చేతులు కడుక్కుంటున్నారు.

"తిన్నరా?"

"ఎప్పుడో," అంది నవత. "చిన్నమ్మ మెట్లు దిగంగనే ఎనక గోడ మీద ఇంకో విస్తరి పెట్టిన. నీ ఇంగ్లీషుకు బెదిరిన కాకులన్నీ గీడనే ఉన్నయ్. పెట్టంగనే ముట్టినయ్."

"మరి నాకు చెప్పద్దా?"

"నీ రాకెట్ లేవకపాయె. నడిమిట్ల నిన్నెందుకు లేపుడని ఊకున్న."

"ట్యాబు సంగతి నీకు..."

"రాత్రి చార్జింగు పెట్టి స్విచ్చి ఎయ్య మర్సినవ్ సారూ. ఏసింది నేనే."

కంచంలో అన్నం, చారు పెట్టింది. మటన్ ఏదన్నాను.

"చొక్కా మీదున్నది గదరా," అంది ఎల్లవ్వత్త. "అంచుకు పెట్టుకో."

మరునాడు టీవీలో నవతే పెట్టింది. ఈసారి రాకెట్ లేచింది. నేను నోరు తెరిచి చూస్తున్నాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

చిక్కుడుకాయలు తుంచుతూ, తల ఎత్తకుండానే నవత అడిగింది.

"లోడు మంచిగ కట్టిండ్రా?"

"కట్టిండ్రు," అన్నాను.