గొర్రెలకు అవ్వల పేర్లు

"మా ఫారంలో గొర్రె చావదు, రిటైర్ అవుతుంది!"

రాజపాళయం జీవకారుణ్య సంఘం అధ్యక్షులు పి.ఎస్. రఘురామ రాజా గారు రెండేళ్ల క్రితం చోళపురంలో గొర్రెల ఫారం రిబ్బను కత్తిరిస్తూ ఈ మాట అన్నారు. నేను రాసుకున్నాను. మా పత్రికలో వచ్చింది. గొర్రెను చంపకూడదు, ఉన్ని మాత్రం తీసుకోవాలి అన్నది ఆశయం. సభ్యులు పదకొండు మంది. శాకాహారులమని సంతకం చేసినవారే అందరూ.

ఒక్కొక్కరు ఒక్కో గొర్రెపిల్లను దత్తత తీసుకున్నారు. ఇక్కడి ఇళ్లలో పిల్లలకు అవ్వల పేర్లు పెడతారు. దత్తత అయినా పిల్ల పిల్లే కదా! అధ్యక్షుల పిల్లకు చెల్లమ్మ అని, మిల్లు యజమాని మాధవన్ గారి పిల్లకు పాపాత్తి అని పేర్లు పెట్టారు. మెడలో పేరుపలక, ఇంటి ఇనిషియల్సుతో సహా.

సంఘం ఒక్క సంగతి విచారించలేదు. ఆ గొర్రెల ఒంటి మీద మేకకున్నట్టు వెంట్రుకలే ఉంటాయి. రెండేళ్ల కత్తిరింపులకు ఒక మఫ్లరు తయారైంది. అధ్యక్షులు దాన్ని మే నెలలో కూడా చుట్టుకుని తిరిగేవారు.

ఫారం మేనేజరు మంసాపురం ఊరి బొమ్మి. ఆదివారం మీటింగులో నష్టం పూడ్చే దారి దొరక్కపోతే ఫారం మూత, ఆమె ఉద్యోగమూ మూత అని నోటీసు వచ్చింది. మీటింగులో ఆమె లేచి అధ్యక్షుల వైపు తిరిగింది.

"తలైవరే, ఇవి ఉన్నికి పుట్టలేదు. కరికి, మాంసానికి పుట్టినాయి. కరి ఫారంగా మార్చేద్దాం."

"అయ్యయ్యో!" అధ్యక్షులు చెవులు మూసుకున్నారు. మఫ్లరు వాటిని అప్పటికే మూసేసింది.

"మా అవ్వను కోస్తావా?" అన్నారు మాధవన్ గారు.

"మా పిల్లకు అచ్చం మా అవ్వ మొహమే వచ్చింది!" అన్నారు ఇంకో సభ్యురాలు యామిని గారు.

"మీ అవ్వ పొట్టేలు, మేడం," అంది బొమ్మి. "సరి, ఫారం మూసేద్దాం. ఎవరి అవ్వను వాళ్లు ఇంటికి తోలుకుపోండి. షేర్ ఆటో పిలిచినాను."

ఎవరూ ఆటో వైపు కదల్లేదు. మాధవన్ గారి ఇంట్లో కొత్త మార్బుల్ వేశారు. యామిని గారి ఇంట్లో కుక్క ఉంది.

"రహస్య ఓటు పెడదాం," అన్నారు అధ్యక్షులు.

చీటీలు లెక్కపెట్టే పని నాకిచ్చారు. పదకొండూ మాంసానికే! ప్రతి చీటీ కిందా ఒక షరతు: 'మా అవ్వ తప్ప.' తొమ్మిదింటిలో ఒక సూచన కూడా ఉంది: 'మొదట మాధవన్ గారి అవ్వ. బాగా బలిసింది.' ఒక చీటీ తొడ భాగం అడిగింది. దాని సిరా ఆకుపచ్చ. ఆ సభలో ఆకుపచ్చ కలం అధ్యక్షుల జేబులో తప్ప ఎక్కడా లేదు.

"ఏకగ్రీవం," అన్నాను. మిగతాది చదవవద్దని అధ్యక్షులు సైగ చేశారు.

"జీవకారుణ్యం కొత్త దశకు వచ్చినాది!" అని ప్రకటించారు. రాసుకున్నాను.

ఆ సాయంత్రమే బొమ్మి పేరుపలకలు తీసేసి నంబర్లు కట్టింది. ఏ నంబరు ఏ అవ్వదో తెలిపే రిజిస్టరు తన బల్ల సొరుగులో పెట్టుకుంది.

తరువాతి ఆదివారం వార్త కోసం ఫారానికి వెళ్లాను. ఉదయం ఆరింటికి అధ్యక్షులు స్కూటరు దిగారు. నన్ను చూశారు.

"ఇంటికి చుట్టాలు వచ్చినారు," అన్నారు. "నాకు కాదు."

బొమ్మి ఏడో నంబరు మాంసం ఒక కిలో కట్టింది. ఆయన మఫ్లరు విప్పి పొట్లం మీద చుట్టారు. సంఘం తీసిన ఉన్ని పనికొచ్చింది ఆ ఒక్కసారే.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ వచ్చారు.

"ఏడో నంబరు వెన్న మాదిరి ఉండింది, బొమ్మీ! ఎవరింటి అవ్వ?"

బొమ్మి రిజిస్టరు తెరిచింది. ఏడో వరుస మీద వేలు పెట్టింది. పేరు చెల్లమ్మ, ఇనిషియల్స్ పి.ఎస్. అని ఉంది. వేలు అక్కడే ఆగింది.

"చెప్పనా, తలైవరే?"

ఆయన ఆమె మొహం చూశారు. నా మొహం చూశారు.

"వద్దులే. ఇంకో కిలో మిగిలినాదా?"