పద్నాలుగు మంది పంచదార

“స్కాట్లాండ్ యార్డ్ గుర్రుపెట్టి నిద్రపోవచ్చు. ఈ బార్నబీ స్ప్రాట్ మేలుకునే ఉన్నాడు!”

లండన్‌లో ఒక సర్కారీ ఆఫీసులో ఫైళ్లు సర్దే బార్నబీ ఈ ప్రకటన చేసింది టీ గదిలో. వినడానికి ఉన్నది టీ కలిపే డల్సీ ఒక్కతే. ఆవిడేమో కళ్లు తుడుచుకుంటోంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసి రెండేళ్లు కావస్తున్నా పంచదార ఇంకా రేషనే. ఆఫీసులో పద్నాలుగు మంది తమ వాటా బిళ్ళలు తెచ్చి డల్సీ డబ్బాలో పోస్తారు. మూడు వారాలుగా సోమవారం నింపిన డబ్బా మర్నాటికే ఖాళీ. దొంగ దొరక్కపోతే శుక్రవారం నుంచి డల్సీని పనిలోకి రావద్దని పెద్దాయన సర్ ఆంబ్రోస్ చెప్పేశారు.

“ఇన్నేళ్లలో ఒక్క బిళ్ళ నోట్లో వేసుకుని ఎరగను బాబూ!”

“ఇది పంచదార దొంగతనం కాదు డల్సీ గారూ, అంతర్జాతీయ కుట్ర! పక్క హాల్లో ఏం జరుగుతోంది? అప్పిచ్చిన అమెరికావాళ్లు, పౌండ్లు పట్టుకొచ్చినవాడికల్లా ఈ వేసవి నుంచి మనం డాలర్లు ఇచ్చి తీరాలని పట్టుబట్టి కూర్చున్నారు. మనవాళ్లు గడువు పెంచమంటున్నారు. కంగారుపడ్డవాడు టీలో పంచదార ఎక్కువేసుకుంటాడు. మన కంగారెంతో శత్రువు బిళ్ళల్లో లెక్కగడుతున్నాడు!”

“ఎవరా శత్రువు?”

“పాలబండివాడు. వాడి మౌనం గమనించారా?”

“నోట్లో పళ్లు లేవు బాబూ, సిగ్గుపడి మాట్లాడడు.”

మారువేషం లేనిదే డిటెక్టివ్ కాడు. బార్నబీ వరండాలో కొక్కేనికున్న ఎవరిదో పొడుగు కోటు తగిలించుకుని వీధిలోకి నడిచాడు. ఆ కోటు చూడగానే పాలబండి గుర్రం చెవులు నిక్కబొడిచి, బండితో సహా బయల్దేరింది. బార్నబీ ఒక అడుగు వెనక్కి వేశాడు. గుర్రం రెండడుగులు ముందుకు వేసింది. మహా డిటెక్టివ్ కాలికి బుద్ధి చెప్పి, తెరిచి ఉన్న కిటికీలోంచి సమావేశపు హాల్లోకి దూకాడు. వెనకే మెడ లోపలికి చాచిన గుర్రం కోటు జేబు పట్టుకుని పర్రున చింపింది. బల్లమీద పంచదార బిళ్ళలు జలజలా రాలాయి.

“కుట్రదారు గుర్రమే సార్!” అని అరిచాడు బార్నబీ.

అమెరికా బృందం పెద్ద కల్వర్ మెల్లగా లేచాడు. ముఖం కందగడ్డలా ఉంది.

“అది నా కోటు. పల్లెటూళ్లో పుట్టినవాణ్ణి, గుర్రాన్ని చూస్తే చెయ్యి ఊరుకోదు. టీ గదిలో డబ్బా నిండా కనిపిస్తే, అందరికీ పెట్టారు కాబోలనుకున్నాను. దీనికి పెడదామని గుప్పెళ్లతో తీశాను.”

చప్పుడుకి పరుగెత్తుకొచ్చిన డల్సీ గుమ్మంలో ఆగిపోయింది. “అయ్యా, అది పద్నాలుగు మంది వారం రేషనండీ.”

ఈలోగా గుర్రం బల్లమీద బిళ్ళలన్నీ తీరుబడిగా ఊడ్చేసింది.

“మీ దేశం గుల్లయిపోయిందని నెల్లాళ్లుగా మీరంటుంటే, బేరం కోసం అంటున్నారనుకున్నానండీ,” అన్నాడు కల్వర్, ఎదుట కూర్చున్న సర్ ఆంబ్రోస్‌తో.

సర్ ఆంబ్రోస్ డల్సీ వైపు తిరిగి, “తొందరపడ్డానమ్మా, క్షమించు. నీ ఉద్యోగం నీదే,” అన్నారు. ఆవిడ సంతోషం పట్టలేక మళ్లీ ఏడ్చింది.

“నేను మొదటే పసిగట్టాను!” అన్నాడు బార్నబీ, చిరిగిన కోటులోంచి. ఎవరూ అతని వంక చూడలేదు.

డల్సీ కళ్లు తుడుచుకుని అందరికీ టీ తెచ్చింది. ఆ చప్పటి టీని కల్వర్ చివరి చుక్కదాకా తాగి, కప్పు కింద పెట్టాడు.

“ఆ గడువు సంగతి,” అన్నాడు, “మళ్లీ మొదట్నుంచి మాట్లాడుకుందామా?”