కమ్యూనికేషన్ ఆఫీసర్ నీలకంఠం

బరంపురంలోని ఒక సాంకేతిక శిక్షణ కళాశాలలో పిల్లలు తరగతులకు సరిగా రాకపోవడానికి కారణం, వారితో తగినంతగా మాట్లాడకపోవడమేనని జులై మొదటి వారంలో అధికారికంగా కనుగొన్నారు. కనుగొన్నవారు ప్రిన్సిపాల్ ఢిల్లీశ్వరరావు గారు. ఆయన భువనేశ్వర్‌లో రెండు రోజుల శిక్షణకు వెళ్లి ఒక సంచీ, ఒక పెన్ను, ఈ సత్యం వెంటబెట్టుకొచ్చారు.

ఆ మధ్యాహ్నమే ఎలక్ట్రీషియన్ ట్రేడు మాస్టారు నీలకంఠాన్ని పిలిచి కమ్యూనికేషన్ ఆఫీసరుగా నియమించారు. నీలకంఠం ఇరవై రెండేళ్లుగా ఫ్యూజుల గురించీ మోటార్ల గురించీ తప్ప మరో మాట మాట్లాడి ఎరగడు. కాబట్టి ఎవరి పక్షమూ వహించడని ప్రిన్సిపాల్ గారి నమ్మకం.

నెల తిరిగేసరికి ఇరవై మూడు వాట్సాప్ గ్రూపులూ, వాటన్నిటికీ పెద్దదిక్కుగా ఒక యాపూ వెలిశాయి. యాప్ ఇంగ్లీషులో ఉండేది. తెలుగు పిల్లలకో ఒడియా పిల్లలకో ఎక్కువ అర్థమైతే పక్షపాతం అవుతుంది కదా. సందేశాలన్నీ ఉత్సాహంగా ఉండాలన్నది నియమం. అందుచేత ఎగ్గొట్టినవారికి, ‘మీరు ఈ రోజు హాజరు కాలేదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము’ అని వెళ్లేది. అభిప్రాయ సేకరణలో మూడు బొమ్మలు ఇచ్చారు: చిరునవ్వు, నవ్వు, పెద్ద నవ్వు. నూటికి నూరుమందీ నవ్వుతున్నట్టు తేలింది.

హాజరు మాత్రం కదల్లేదు. పరీక్షకు కూర్చోనివ్వకూడని పంతొమ్మిది మంది జాబితా నీలకంఠం బల్ల మీదికి వచ్చింది. మొదటి పేరు సాయిపద్మ. వైరు చేతికిస్తే చాలు, మాస్టారి కంటే ముందు తప్పు పట్టుకునే పిల్ల. ఆ పేరు చూసి నీలకంఠానికి టీ సహించలేదు. మర్నాడు గేటు దగ్గరే నిలబడ్డాడు. పదీ ఇరవైకి ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది.

“రోజూ మెసేజీలెడతన్నాను, సూడట్లేదేటమ్మా?”

“సూస్తన్నాను సార్. బస్సులో కూకుని అయ్యే సదువుతాను.”

“మరి తొమ్మిదిన్నరకి హాజరేసీసరికి రావేటి?”

“దిగపహండిలో ఎనిమిదింటి బస్సోడు పాసున్నోలని ఎక్కించుకోడు సార్. తొమ్మిదింటి బస్సెక్కి, దిగి నడిసొచ్చీసరికి ఈ టైమైపోతాది. మేం పంతొమ్మిది మందిమీ అదే బస్సు.”

“ఈ మాట ఎవులికీ సెప్పనేదేటి?”

“ఎవులూ అడగనేదు సార్.”

నీలకంఠం ఆ ముక్క కాగితం మీద రాసుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన కళ్లజోడు సర్దుకుని శ్రద్ధగా చదివారు.

“నీలకంఠం, ఇది సమాచారం. మనకి కావలసింది కమ్యూనికేషన్. పైగా మన ఫారంలో బస్సుకి గడి లేదయ్యా.”

బయటికొచ్చిన నీలకంఠం, ఉద్యోగంలో మొదటిసారిగా, ఎవరూ ఆర్డరివ్వని పని ఒకటి చేశాడు. తన తరగతి పదిన్నరకు మొదలుపెట్టి, ఆ గంట సాయంత్రం కలిపాడు. మిగతా మాస్టార్లు కూడా ఎంతో బాధ్యతతో అతణ్ణి అనుసరించారు. గోడ మీది టైంటేబుల్ తొమ్మిదిన్నర అనే చెబుతూ వచ్చింది. ప్రిన్సిపాల్ గారు పదకొండుకు వస్తారు గనుక, ఆయనకు రోజూ నిండు తరగతులే కనిపించాయి.

సంక్రాంతి లోపలే ఆ పంతొమ్మిది పేర్లూ జాబితాలోంచి పోయాయి. సాయిపద్మ పరీక్ష రాసి, మొదటి స్థానంలో పాసై, గంజాంలో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరింది. ఇదంతా యాప్ మహిమేనని ప్రిన్సిపాల్ గారు నలభై పేజీల నివేదిక పంపారు. దాన్ని చూసి తరించడానికి పదకొండు కాలేజీల ప్రిన్సిపాళ్లు వచ్చారు. సభ పెట్టారు. సాయిపద్మను పిలిపించి వేదికెక్కించారు.

 ఇప్పుడైనా నిజం బయటపడుతుందని నీలకంఠం కుర్చీ అంచుకు జరిగాడు. ఆమె మైకు అందుకుంది.

“ఈ యాప్ నేకపోతే నానిక్కడుండీదాన్ని కాదు. పెన్సిపాల్ సారు పంపిన పతి మెసేజీ నాకు దారి సూపింది.”

హాలు మారుమోగింది. ఢిల్లీశ్వరరావు గారు కళ్లు తుడుచుకున్నారు. సభ ముగిశాక వరండాలో నీలకంఠం ఆమెను పట్టుకున్నాడు.

“అదేటమ్మా, ఆ బస్సు మాటొక్కటి సెప్పీసుంటే ఎంత బాగుణ్ణు!”

“సెప్తే ఏటవుతాది సార్? కమిటీ ఏస్తారు. గోడ మీద ఏటి రాసుందో సూస్తారు. మల్లా తొమ్మిదిన్నరకే రమ్మంతారు. మా సెల్లి ఈ ఏడే జేరింది సార్, అదే బస్సు.”

 ఎవరికి ఏ మాట చెబితే పని నిలబడుతుందో తెలియడమే కమ్యూనికేషన్ అయితే, ఆ కాలేజీ మొత్తంలో దాన్ని నేర్చుకున్నది ఈ పిల్ల ఒక్కతే. నీలకంఠానికి నవ్వొచ్చింది, పెద్ద నవ్వే.

మర్నాడు పేపర్లో సాయిపద్మ ఫొటో, కింద పెద్దక్షరాల్లో యాప్ పేరు పడ్డాయి. చదివిన తల్లిదండ్రులు చాలామంది ఆ రోజే దాన్ని పిల్లల ఫోన్లలోకి ఎక్కించారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏదైనా అడిగినవారు ఉంటే, వారి వివరాలు ఇంకా అందవలసి ఉంది.