అద్దాలు మూసిన కచేరీ

మనిషి సంస్కారవంతుడా కాదా అని తేల్చడానికి పెద్ద పెద్ద గ్రంథాలు తిరగేయనక్కర్లేదు. అతని కారులో టేప్ రికార్డరు ఎలా ఉందో చూస్తే చాలు! ఈ మహాసత్యాన్ని నేను కనిపెట్టి మూడు నెలలైంది. నా పాత కారులో రేడియోతో కూడిన టేప్ రికార్డరు బిగించి కూడా సరిగ్గా మూడు నెలలే అయింది. రెంటికీ ఏ సంబంధమూ లేదని మనవి.

బిగించిన మర్నాడే దాని వాడకం, సంరక్షణల మీద పన్నెండు నిబంధనలు రాసి, టైపు చేయించి, డాష్‌బోర్డుకు అంటించాను. పదిహేడేళ్ళు సీనియర్ అసిస్టెంటుగా పనిచేసినవాడికి, కాగితం లేకపోతే వస్తువు ఉన్నట్టే అనిపించదు. ఒకటి: ఇంజను స్టార్టు చేయునప్పుడు టేప్ రికార్డరు ఆపి ఉంచవలెను. నాలుగు: క్యాసెట్లను ఎండలో వదలరాదు. ఏడు: క్యాసెట్ తిరుగుచుండగా కారు అద్దాలు మూసి ఉంచవలెను, లేనిచో దుమ్ము చొరబడును. తొమ్మిది: వారమునకొకసారి, టేపు రాసుకొను హెడ్‌ను శుభ్రపరిచే క్యాసెట్ తిప్పవలెను. పన్నెండు: పై అధికారి అనుమతి లేనిదే ఎవరూ మీటలు ముట్టరాదు. ఆ పై అధికారిని నేనే.

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివింది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఏ కాగితాన్నయినా తప్పులు దిద్దే చూపుతోనే చదువుతుంది.

"ఇందులో పాటలు వినడం గురించి ఒక్క ముక్కా లేదేంటండీ?"

"వినడం వేరు, సంరక్షణ వేరు!"

"నా దగ్గర ఒక క్యాసెట్ ఉంది. పెళ్ళికి ముందు రేడియోలోంచి ఎక్కించుకున్న సినిమా పాటలు. ఒక్కసారి పెట్టరూ?"

"సినిమా పాటలా! హెడ్ అరిగిపోదూ?"

పాపం, ఆ క్యాసెట్ని రోజూ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని వెనక సీట్లో కూర్చునేది. నేను రోజూ నిబంధనలు చూపించేవాణ్ణి.

అసలు సంగతి చెప్పేస్తాను, మీ దగ్గర దాచి ఏం బావుకుంటాను? మా ఆఫీసులో సూపరింటెండెంటు కుర్చీ ఖాళీ అయింది. దానికి పోటీ ఇద్దరమే. నేను, మా అకౌంటెంటు. కొత్తగా వచ్చిన డైరెక్టరుగారికి శాస్త్రీయ సంగీతమంటే ప్రాణమని ఎవరో అన్నారు. ఆ మాట చెవిన పడ్డ సాయంత్రమే టేప్ రికార్డరు బిగించాను. ఒక వయొలిన్ కచేరీ క్యాసెట్ కూడా తెచ్చి, ఇంటిముందు కారు ఆపుకుని వినబోయాను. పది నిమిషాల్లో గుర్రుపెట్టి నిద్రపోయాను. మర్నాడు ఆఫీసులో మాత్రం, "పొద్దున్నే వయొలిన్ కచేరీ వినకపోతే నాకు కాఫీ కూడా దిగదు" అని డైరెక్టరుగారికి వినపడేలా అన్నాను.

నా అదృష్టం పండి ఓ రోజు ఆయన కారు మరమ్మతుకెళ్ళింది. ఆయన ఇల్లు మా పక్క వీధే. "రేపు నా కారులో రండి సార్, దారిలో సంగీతం కూడా..." అన్నాను. ఆయన ముఖం ఒక్క క్షణం ఎందుకో చిన్నబోయి, వెంటనే వికసించింది. "తప్పకుండా!" అన్నారు.

తెల్లవారగానే తొమ్మిదో నిబంధన ప్రకారం శుభ్రపరిచే క్యాసెట్ తిప్పాను. ఇంతలో మా ఆవిడ "బడికి టైమైపోతోంది!" అని గుమ్మంలోంచి కేక. కంగారులో ఆ క్యాసెట్ని ఒక పెట్టెలో, కచేరీ క్యాసెట్ని ఇంకో పెట్టెలో పెట్టేశాను. ఏది ఎందులో పెట్టానో చూసుకున్న పాపాన పోలేదు.

డైరెక్టరుగారు ముందు సీట్లో ఆసీనులయ్యారు. మా ఆవిడ వెనక కూర్చుంది. అద్దాలన్నీ ఎక్కించి, కచేరీ పెట్టెలోంచి క్యాసెట్ తీసి, భక్తిగా లోపలికి తోశాను. 'సుయ్' మని సన్నగా ఒక శబ్దం. అంతే.

పాట మొదలవుతుందని చూశాను. అవలేదు. పక్కకి తిరిగితే ఏముంది! డైరెక్టరుగారు కళ్ళు మూసుకుని, మోకాలి మీద తాళం వేస్తున్నారు.

"ఆహా!" అన్నారు.

నేను వెనకపడితే కుర్చీ దక్కుతుందా? "ఓహో!" అన్నాను.

"ఆరంభంలోనే ఎంత నిగ్రహం!"

"వయొలిన్ తీగకి కమాను తగిలీ తగలనట్టు ఉంది సార్!"

వెనక నుంచి మా ఆవిడ, "ఏవండీ, పాట రావట్లేదు" అంది.

"ష్!" అన్నాను.

డైరెక్టరుగారు కళ్ళు తెరవకుండానే చిరునవ్వు నవ్వారు. "దీనికి చెవి తయారవ్వాలమ్మా. అందరికీ వినపడదు."

సరిగ్గా అప్పుడే క్యాసెట్ టక్కుమని బయటికొచ్చింది. విద్వాంసుడి పేరు చూద్దామని డైరెక్టరుగారు దాన్ని తీసి చదివారు. పైకే చదివారు, అదే మా కొంప ముంచింది. "హెడ్ శుభ్రపరచు క్యాసెట్. ఇందులో ఏ శబ్దమూ ఉండదు."

కారులో అంతకంటే నిశ్శబ్దం అయిపోయింది. కుర్చీ పోయింది, పరువూ పోయింది అనుకున్నాను.

"చూడండీ," అన్నారాయన గొంతు తగ్గించి. "నాకు సంగీతం ముక్క రాదు. ఎవడో పుట్టించాడు ఆ మాట. పోనీలే, గౌరవంగా ఉందని ఊరుకున్నాను."

"నాకు మాత్రం వచ్చునేంటి సార్!" అన్నాను, ఏడుపొక్కటే తక్కువగా.

వెనక సీట్లోంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. ఆ చేతిలో పాత క్యాసెట్. పన్నెండో నిబంధన గుర్తుచేసే ధైర్యం నాకు లేకపోయింది. మా ఆవిడే లోపలికి తోసి మీట నొక్కింది. గరగరమంటూ మొదలై, ఎంత హాయిగా ఉందో ఆ పాట! రెండో చరణానికి డైరెక్టరుగారు గొంతు కలిపారు. మూడో చరణం నాకూ కంఠతా వచ్చు. ముగ్గురం గొంతెత్తి పాడుతూ సిగ్నల్ దగ్గర ఆగాం.

పక్కన స్కూటరు ఆగింది. దాని మీద మా అకౌంటెంటు!

"ఆపండి ఆపండి!" అన్నారు డైరెక్టరుగారు కంగారుగా. "ఆ శుభ్రపరిచేది పెట్టండి!"

పెట్టాను. ఇద్దరం కళ్ళు మూసుకుని తలలు ఊపాం. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. అకౌంటెంటు అద్దంలోంచి మమ్మల్ని చూసి, స్కూటరు మీదే చేతులు జోడించాడు.

ఆఫీసుకి చేరేసరికి వాడు డైరెక్టరుగారి గది ముందు నిలబడి ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సార్! సిగ్నల్ దగ్గర మీ కారులోంచి వచ్చిన ఆ వయొలిన్... ఒళ్ళు పులకరించింది సార్! అంత రద్దీలోనూ ప్రతి స్వరం స్పష్టంగా వినపడింది!"

డైరెక్టరుగారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. కాదని చెప్పాలంటే క్యాసెట్ సంగతి చెప్పాలి. చెప్పలేకపోయాను.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. "సూక్ష్మగ్రహణ శక్తి మెండుగా గలవాడైనందున" అకౌంటెంటు సూపరింటెండెంటు అయ్యాడు. డైరెక్టరుగారు నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచారు. "ఏమనుకోకండి. మిమ్మల్ని చూస్తే నాకు ఆ క్యాసెట్ గుర్తొస్తుంది. అతన్ని చూస్తే సంగీతం గుర్తొస్తుంది" అన్నారు.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. జాలిపడుతుందనుకున్నాను. ఆవిడ తిన్నగా కారు దగ్గరికెళ్ళి, డాష్‌బోర్డు మీది నిబంధనల కాగితం చించి, అద్దాలు నాలుగూ దించేసి, ముందు సీట్లో కూర్చుని, తన పాత క్యాసెట్ లోపలికి తోసి మీట నొక్కింది.

"రండి, అలా తిరిగొద్దాం. ఇందులో పాటలున్నాయి" అంది.