తాబేలు వీపు మీది రిజిస్టరు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఎండలకి పది మడుగులు ఎండిపోయి, పదకొండోది ఒక్కటే మిగిలింది. దాని దగ్గర రోజూ తోపులాటే. దాహం తీరినవాళ్ల కంటే దెబ్బలు తగిలినవాళ్లు ఎక్కువయ్యేసరికి అడవి సభ కూర్చుని ఒక నిర్ణయం తీసుకుంది. ఇంటింటికీ నీటి చీటీ, ఎవరి వంతు వాళ్లకి. నిజంగానే మంచి నిర్ణయం. గొడవంతా అక్కడే మొదలైంది.

చీటీ ఇవ్వాలంటే ఎవరెక్కడుంటారో తెలియాలి. ఆ వివరాలు రాసుకురావడానికి తీతువు పిట్ట చెలిమమ్మని పెట్టారు. పొడుగు కాళ్లు, బండరాయిని కూడా నిద్రలేపే గొంతు ఆవిడవి. ఆ గొంతు వినబడితే అపశకునమని అడవిలో సగం మంది చెవులు మూసుకుంటారు. అయినా జీతం లేని ఉద్యోగానికి శకునం ఎవరు చూస్తారు?

ఫారంలో అయిదు గడులు. ఇల్లెక్కడ, దొడ్డిదారి ఎటు, పిల్లలో గుడ్లో ఎన్ని, నీళ్లకి ఏ వేళ పోతారు, ఇంట్లో నడవలేనివాళ్లు ఉన్నారా. ప్రతి గడికీ ఒక కారణం చెప్పారు. పిల్లలుంటే చీటీ పెద్దది. నడవలేనివాళ్లుంటే వరుసలో ముందు. దొడ్డిదారి ఎందుకంటే, ముంగిట్లో ఎవరూ లేకపోతే చీటీ అక్కడ పెట్టి పోవడానికి.

కుందేలు గరికమ్మ మొదటి రోజే అడ్డం తిరిగింది.

"ఏమే చెలిమీ, దొడ్డిదారి అంటే ఎవరికీ చెప్పనిదనే కదా! చెప్పేశాక అది వీధి గుమ్మం అయిపోదూ?"

"వదినా, ముందు నా వివరాలే రాశాను చూడు," అంది చెలిమమ్మ. "ఎర్ర గులకరాళ్ల దిబ్బ, మూడు రాళ్ల నడుమ, నాలుగు గుడ్లు. మిట్టమధ్యాహ్నం మడుగుకి పోయి పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చోకపోతే ఈ ఎండకి లోపలే ఉడికిపోతాయి. ఆ వంతు కావాలంటే చెప్పొద్దూ? నేనే చెప్పాక నీకేం భయం?"

తీతువు గుడ్లు రాళ్లలో రాళ్లలా ఉంటాయి. పెట్టిన తల్లికే రెండుసార్లు వెతికితే గానీ కనిపించవు. అలాంటి ఆవిడే చెప్పిందంటే ఇంకేమని అడవంతా చెప్పేసింది. గరికమ్మ తన మూడో పిల్ల కుంటికాలు సంగతి కూడా రాయించింది.

రిజిస్టరుని పన్నెండు తాబేళ్ల డిప్పల మీద గీశారు. రికార్డుల సూపరింటెండెంటు కూర్మారావు వాటిలో పెద్ద తాబేలు. "రాయి పడ్డా పగలదు, వాన పడ్డా చెరగదు. ఇంతకంటే భద్రమైన చోటు ఈ అడవిలో ఉందా?" అన్నాడు వీపు తిప్పి చూపిస్తూ. అందరూ భేష్ అన్నారు. రాత డిప్ప లోపల కాదు, పైన ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చెలిమమ్మకీ తట్టలేదు.

చీటీలు వచ్చాయి. వంతులు నడిచాయి. గరికమ్మ కుంటిపిల్ల అందరి కంటే ముందు నీళ్లు తాగింది. అంతలో సభాపతి పదవికి ఎన్నికలు వచ్చాయి. ఆ రిజిస్టరే ఓటరు జాబితా అయింది.

పోటీలో ముగ్గురు. చుక్కల పార్టీ నుంచి చిరుతపులి. అతన్ని అందరూ చుక్కలదొర అంటారు. చారల పార్టీ నుంచి దుమ్ములగొండి. మూడోవాడు అడవిదున్న మందయ్య. అతనికి ఎవరి పేరూ గుర్తుండదు. ఆడా మగా చూడకుండా ఎదురుపడ్డవాళ్లందరినీ "ఏవమ్మా, బాగున్నావా?" అంటాడు. అతను గెలుస్తాడని అతని దూడ కూడా అనుకోలేదు.

పోలింగు ఇంకా ఆరు రోజులుంది. చెలిమమ్మ గుడ్లు పగిలి పిల్లలు రావడానికీ ఆరు రోజులే ఉంది. ఆ మధ్యాహ్నం పొట్ట తడుపుకుని తిరిగొచ్చేసరికి గులకరాళ్ల దిబ్బ పక్కన ఉడుము నాగలింగం కూర్చుని ఉన్నాడు. చుక్కల పార్టీ ప్రచారమంతా అతని చేతిలోదే. గుడ్డు రుచి అడవిలో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నమస్కారం చెల్లెమ్మా. సరిగ్గా ఈ వేళకి నువ్వు ఇంట్లో ఉండవు కదా, నువ్వొచ్చేదాకా కాపలా కాద్దామని వచ్చాను," అన్నాడు. రెండు పాయల నాలుక బయటికొచ్చి లోపలికి పోయింది. "నాలుగూ ఉన్నాయి, లెక్కపెట్టాను. దొరగారు గెలిస్తే నాలుగూ పిల్లలవుతాయి. అది ఆయన ఇచ్చిన మాట."

"గెలవకపోతే?"

"అలాంటి మాటలు నీ నోట రాకూడదమ్మా. అపశకునమని నీకు ఇప్పటికే పేరుంది." రెండు చుక్కలు పెట్టిన ఆకొకటి గుడ్ల పక్కన ఉంచి తీరిగ్గా వెళ్లిపోయాడు.

చెలిమమ్మకి ఊపిరి తిరగకముందే గరికమ్మ గెంతుకుంటూ వచ్చింది. ఆవిడ నోట్లోనూ అలాంటి ఆకే.

"దొడ్డిదారిలో పెట్టి పోయారే! 'మూడో పిల్ల కాలు ఎలా ఉందమ్మా, పరిగెత్తలేదు కదా పాపం' అని దొరగారు అడగమన్నారట! ఎంత ప్రేమగా అడిగారో, పిల్లల్ని బొరియ దాటొద్దని చెప్పి వచ్చాను. పొద్దున చారల పార్టీ నక్క వచ్చి అదే అడిగింది. నీ మాట నమ్మి చెప్పాను చూడు, నన్ను నేను కొట్టుకోవాలి. ముందు నిన్ను కొట్టాలి!"

చెలిమమ్మ రికార్డుల ఆఫీసుకి ఎగిరింది. ఆఫీసంటే మడుగు పక్కన ఒక బండ. దాని మీద కూర్మారావు ఎండ కాచుకుంటున్నాడు.

"సార్, మన రిజిస్టరు దొంగిలించారు."

కూర్మారావు మెడ బయటపెట్టి కష్టం మీద తన వీపు చూసుకున్నాడు. "ఏదీ? ఒక్క గీత కూడా తగ్గలేదే. దొంగిలిస్తే వస్తువు లేకుండా పోవాలి. ఉన్నది ఉన్నట్టే ఉంటే దొంగతనం ఎలా అవుతుంది?"

"మీ దగ్గరికి నాగలింగం వస్తున్నాడా?"

"రోజూ పొద్దున్నే వస్తాడు. మర్యాదస్తుడు. వీపు గోకుతాడు. నాకు అందదు కదా."

"చారల పార్టీ వాళ్లో?"

"వాళ్లు సాయంత్రం గోకుతారు. నేను పక్షపాతం చూపించే ఉద్యోగిని కాను."

"మీకేం అనుమానం రాలేదా?"

"గోకుతుంటే కళ్లు మూతలు పడతాయమ్మా. నీకు ఫిర్యాదు ఇవ్వాలనుంటే ఇవ్వు. ఇల్లెక్కడో, గుడ్లెన్నో, ఇంట్లో ఏ వేళ ఉండవో మళ్లీ చెప్పు, రాసుకుంటాను. నాలుగో తాబేలు వీపు మీద కాస్త జాగా ఉంది."

చెలిమమ్మ తిరిగొచ్చేటప్పటికి చారల పార్టీ నక్క దిబ్బ వాసన చూస్తోంది. ఆలోచించే సమయం లేదు. నక్క ముందు దబ్బున పడి, ఒక రెక్క విరిగినట్టు వేలాడేసి, కుయ్యోమంటూ కుంటుకుంటూ గుడ్లు లేని వైపు సాగింది. నక్క నోరూరించుకుంటూ వెంటబడింది. రెండు వందల అడుగులు తీసుకుపోయాక చెలిమమ్మ శుభ్రంగా ఎగిరిపోయింది. వాళ్లమ్మ నేర్పిన విద్య అది. తీతువులందరికీ వచ్చు.

గాల్లో ఉండగా ఆవిడకి తన మీద తనకే ఒళ్లు మండింది. కడుపు చేత్తో పట్టుకుని వచ్చిన నక్కకే ఇంత చక్కగా అబద్ధం చెప్పినదాన్ని, ఫారం పట్టుకుని వచ్చిన సభకి నిజం ఎందుకు చెప్పాను?

నేరుగా గరికమ్మ దగ్గర వాలింది. "వదినా, తర్వాత కొడుదువు గాని. సవరణలకి ఇంకా మూడు రోజులు గడువుంది. రాసేదాన్ని నేనేగా."

పార్టీల వాళ్లు మధ్యాహ్నాలు గుహల్లో కునుకు తీస్తారు. రెండు మధ్యాహ్నాల్లో అడవి మొత్తం కొంపలు మార్చింది. చెలిమమ్మ గుడ్లని గరికమ్మే ముక్కుతో మెల్లగా దొర్లించుకుంటూ అవతలి దిబ్బకి చేర్చింది. ఆ తర్వాత అందరూ వరసగా ఆఫీసుకి పోయి సవరణలు రాయించారు. గరికమ్మ తన దొడ్డిదారి అని ముళ్లపంది సూదులయ్య బొరియ రాయించింది.

"నీకు అభ్యంతరం లేదు కదా అన్నయ్యా?"

"ఇన్నేళ్లకి ఒక నాయకుడు నా గడప తొక్కుతానంటే కాదంటానా?" అన్నాడు సూదులయ్య.

చెలిమమ్మ తన గుడ్లు వాగు ఒడ్డున పుట్ట బొరియలో ఉన్నాయని రాసింది. ఆ బొరియలో ఉండేది కందిరీగల తుట్టె. ముసలి అడవిపంది తానెందుకు తగ్గాలని ఆరు గుడ్లు పెట్టానని రాయించాడు.

"పందులు గుడ్లు పెడతాయా?" అన్నాడు కూర్మారావు.

"ఫారంలో గడి ఉంది కదండీ."

"ఉంటే సరే," అని చెలిమమ్మని గీసెయ్యమన్నాడు.

ఇదంతా ఊరికే అయిపోలేదు. కుంటిపిల్ల కుంటిది కాదని రాయించడంతో దానికి ముందు వరస పోయింది. ఎండలో నిలబడి సొమ్మసిల్లింది. నీళ్లకి తెల్లవారుజామున పోతానని రాసినందుకు చెలిమమ్మకి మధ్యాహ్నం వంతు పోయింది. గుడ్ల మీద నీడగా రెక్కలు చాచి, నోరు తెరుచుకుని నిలబడేది. గరికమ్మ తన వంతు అయ్యాక ఒళ్లంతా తడుపుకుని పరిగెత్తుకొచ్చి ఆ గుడ్ల మీద విదిలించేది. విదిలిస్తూ తిట్టేది. తిట్లలో సగం చెలిమమ్మకి, సగం సభకి.

పోలింగు ముందు రోజు వచ్చింది. ఆ రోజు చుక్కలదొర స్వయంగా ఇంటింటికీ తిరిగి పిల్లల్ని దీవించాలని కార్యక్రమం. అడుగడుగునా ఎవరిని ఏమని పలకరించాలో నాగలింగం దొర చెవిలో చెప్పాలి. కానీ నాగలింగానికి తెల్లవారుజామున సొంత పని ఒకటి పడింది. సవరించిన జాబితా ప్రకారం ఆ వేళ తీతువు ఇంట్లో ఉండదు. పుట్ట బొరియలో తల దూర్చాడు. బయటికి తీసేసరికి తల గుమ్మడికాయంత, నాలుక వంకాయంత అయింది. ఆ తర్వాత రెండు వారాల దాకా అతను ఎవరికీ ఏమీ చెప్పలేకపోయాడు.

కార్యక్రమం ఆగదు కదా. కూర్మారావుని ముందు నడిపించి, ఆయన వీపు చదువుకుంటూ దొర బయల్దేరాడు. వెనక అడవంతా. మొదట గరికమ్మ దొడ్డిదారి.

"కుందేలమ్మా, నీ బిడ్డలు నా బిడ్డలు కారా?" అంటూ బొరియలో పంజా పెట్టి ప్రేమగా నిమిరాడు.

"మెల్లగా నిమరండి దొరా," అంది లోపలి నుంచి సూదులయ్య గొంతు.

దొర అరుపు వాగు అవతలికి వినిపించింది. పంజా నిండా ముళ్లతో, అయినా చిరునవ్వు చెదరకుండా, మూడు కాళ్ల మీద తర్వాతి ఇంటికి వెళ్లాడు. అక్కడ ముసలి పంది బురదలో పడుకుని ఉన్నాడు. దొర తాబేలు వీపు చదివి, కళ్లు చెమర్చుకుని, గొంతు గద్గదం చేసుకుని అన్నాడు:

"పెద్దాయనా, ఆరు గుడ్లూ క్షేమమేనా?"

ఎక్కడో కుంటిపిల్ల కిసుక్కుమంది. అంతే. జింకలు, ఉడతలు, కొంగలు నేల మీద పడి దొర్లాయి. పంది మాత్రం పెద్దమనిషిలా, "మీ దయ వల్ల బాగానే ఉన్నాయి బాబూ, పొదగడానికే తీరిక దొరకడం లేదు," అన్నాడు. అయిదు రోజులుగా చుక్కలున్న ఆకు చూస్తేనే నీళ్లు కారిపోయినవాళ్లు, దొర మొహం చూస్తూ నవ్వారు. సాయంత్రం దుమ్ములగొండి కూడా అదే వీపు చదువుకుంటూ వచ్చి ఆ గుడ్లనే పరామర్శించాడు. అప్పటికే నవ్వి నవ్వి జనానికి పక్కలు నొప్పి పుడుతున్నాయి.

పోలింగులో మందయ్య గెలిచాడు. ఎవరి ఇల్లెక్కడో తెలియని అభ్యర్థి ఇంకెవరూ లేరు మరి. అదే రోజు చెలిమమ్మ గుడ్లు నాలుగూ పగిలాయి. తీతువు పిల్లలు పుట్టిన పూటే పరిగెత్తుతాయి, తల్లి కూత వేస్తే రాళ్లలా బిగుసుకుపోతాయి.

మర్నాడే కొత్త సభాపతి మొదటి ఉత్తర్వు వచ్చింది. తీసుకొచ్చినవాడు కూర్మారావు. వీపు శుభ్రంగా గీకించుకున్నాడు.

"రిజిస్టరంతా తప్పుల తడకని మందయ్యగారు చాలా బాధపడ్డారమ్మా. పందులు గుడ్లు పెట్టడమేమిటన్నారు. ఈసారి పద్ధతిగా, ఇంకో నాలుగు గడులు పెంచి రాయమన్నారు. మొదటి పేరు ఎప్పట్లా నీదే. చెప్పు, ఇల్లెక్కడ? పిల్లలెందరు?"

చెలిమమ్మ చిన్న కూత వేసింది. కూర్మారావు కాలి పక్కనే నాలుగు గులకరాళ్లు కదలకుండా ఉండిపోయాయి. ఆవిడ ఒక రెక్క నేలకి వేలాడేసి, "అయ్యో, అటు రండి సార్, చూపిస్తాను," అంటూ వాగు వైపు కుంటుతూ నడిచింది.

కూర్మారావు ఫారం పట్టుకుని భక్తిగా వెంట బయల్దేరాడు. ఇంకా నడుస్తూనే ఉన్నాడు.

నీతి: ఓటరు జాబితాలో మన పేరుండాలి, మనం ఉండకూడదు.